యాప్‌లో పచ్చ లైటు, కార్డ్‌లో అపశ్రుతి: గిటార్ ఇంటోనేషన్‌కు చెవా, ట్యూనరా?

క్లుప్తంగా

ఓపెన్ తీగలు (ఎక్కడా నొక్కకుండా మీటేవి) ఆరూ శ్రుతిలోనే ఉండి, ఫ్రెట్లు, అంటే గిటార్ మెట్లు, నొక్కినప్పుడు మాత్రం స్వరాలు తేడా వస్తే అది ఇంటోనేషన్ సమస్య. శాడిల్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే ముక్క) జరిపి దాన్ని సరిచేసే పనిలో ట్యూనర్‌దే పైచేయి, ఎందుకంటే ఒకే తీగ మీద రెండు స్వరాలు ఒకేసారి మోగవు, చెవి జ్ఞాపకాన్ని నమ్ముకోవాల్సి వస్తుంది. పక్కన ఇంకో స్వరం ఆగకుండా మోగుతుంటే మాత్రం చెవి ట్యూనర్‌కు ఏమీ తీసిపోదు. "కార్డ్ కలవట్లేదు", అంటే కలిపి మీటిన స్వరాలు పొసగట్లేదు, అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం శాడిల్ కాదు. కొన్ని ఫ్రెట్ల లెక్క వల్ల వస్తాయి, కొన్ని నట్ (కీల వైపు చివర తీగలు ఆనే గాడుల ముక్క) వల్ల, పాత తీగల వల్ల, గట్టిగా నొక్కే వేలి వల్ల.

అసలు గందరగోళం ఎక్కడ

కర్నూలు, కడప, అనంతపురం వైపు గిటార్ ఇప్పుడు చర్చి క్వయర్ దాటి ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టుల్లోకి, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోకి, పిల్లల సాయంత్రం క్లాసుల్లోకి వచ్చేసింది. ఎక్కువమంది కొనేది ఆన్‌లైన్‌లో దొరికే నాలుగైదు వేల రూపాయల అకౌస్టిక్. ట్యూనర్ యాప్ ఫోన్‌లో ఉచితం. ఆరు తీగలకూ పచ్చ లైటు పడేదాకా కీలు తిప్పి జి కార్డ్ వేస్తే బాగానే ఉంటుంది, అదే గిటార్ మీద ఐదో ఫ్రెట్ దగ్గర బార్ కార్డ్ (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేది) వేసేసరికి ఏదో పుల్లగా వినిపిస్తుంది, పాడేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు.

అప్పుడు రెండు రకాల సలహాలు వస్తాయి. హార్మోనియం, వయొలిన్ తెలిసిన పెద్దలు "యాప్ పక్కన పెట్టి చెవితో శ్రుతి చెయ్యి" అంటారు. యూట్యూబ్ చూసి నేర్చుకున్న కుర్రాళ్లు "చెవిని నమ్మకు, మంచి క్లిప్ ట్యూనర్ కొను" అంటారు. రెండు సలహాలూ అనుభవంలోంచి వచ్చినవే, కానీ రెండూ వేర్వేరు సమస్యలకు మందులు. ఏ సమస్య ఏదో తేల్చకుండా మందు వేస్తే గిటార్ ఇంకా పాడవుతుంది. దగ్గర్లో సెటప్ చేసేవాళ్లు దొరక్క కర్నూలు నుంచి హైదరాబాద్‌కో, అనంతపురం నుంచి బెంగళూరుకో పోవాలంటే ఎటు చూసినా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకే ఈ తేడా ఇంట్లోనే తెలుసుకోగలగడం ఇక్కడివాళ్లకు మరీ అవసరం.

12వ ఫ్రెట్ దగ్గర జరిగేది

తీగ పొడవు సగమైతే స్వరం ఒక స్థాయి, అంటే ఆక్టేవ్, పైకి పోతుంది. ఇది లెక్క. 648 మిల్లీమీటర్ల స్కేల్ (నట్ నుంచి శాడిల్‌కు లెక్క ప్రకారం ఉండే తీగ పొడవు) ఉన్న గిటార్‌లో నట్ నుంచి 324 మిల్లీమీటర్ల దగ్గర 12వ ఫ్రెట్ ఉంటుంది. లెక్క ప్రకారం శాడిల్ కూడా అక్కడి నుంచి సరిగ్గా 324 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. అలా పెడితే మాత్రం ఏ గిటారూ శ్రుతిలో మోగదు.

దీనికి రెండు కారణాలు. తీగను ఫ్రెట్ మీదికి నొక్కినప్పుడు అది కొద్దిగా సాగుతుంది, సాగితే బిగుతు పెరుగుతుంది, స్వరం హెచ్చుతుంది. తీగ ఎంత ఎత్తులో ఉంటే అంత ఎక్కువ సాగాలి. రెండోది, ఉక్కు తీగకు కొంత బిరుసుతనం ఉంటుంది కాబట్టి శాడిల్‌ను ఆనుకున్న చివర అది స్వేచ్ఛగా ఊగదు, నిజంగా ఊగే పొడవు కొలిచిన పొడవు కంటే కాస్త తక్కువే. మందం తీగల్లో ఈ ప్రభావం ఎక్కువ. ఈ రెండింటికీ విరుగుడుగా శాడిల్‌ను లెక్క ప్రకారం ఉండాల్సిన చోటు నుంచి కాస్త వెనక్కి జరుపుతారు: సన్నటి ఒకటో తీగకు సుమారు 2 మిల్లీమీటర్లు, మందపాటి ఆరో తీగకు 4 నుంచి 5. అకౌస్టిక్ బ్రిడ్జ్ (తీగలు బిగించే చెక్క ముక్క) మీద శాడిల్ ఏటవాలుగా కనిపించేది ఇందుకే, తయారీలో వంకర పోయి కాదు.

పాతకాలపు ఫ్రెట్ లెక్కకు కూడా ఇక్కడ ఒక సంబంధం ఉంది. 1581లో ఇటలీలో విన్సెంజో గలీలీ, శాస్త్రవేత్త గెలీలియో తండ్రి, ల్యూట్ (గిటార్ లాంటి పాత తీగ వాద్యం) మెట్లకు 18:17 నిష్పత్తి చెప్పాడు. అంటే మిగిలిన పొడవులో పద్దెనిమిదో వంతు చొప్పున ఒక్కో మెట్టు. అలా పన్నెండు మెట్లు వేస్తే ఆక్టేవ్‌కు సుమారు 12 సెంట్లు, అంటే ఒక ఫ్రెట్ తేడాలో నూటికి పన్నెండు వంతులు, తక్కువ పడుతుంది. వేలి ఒత్తిడికి తీగ సాగి స్వరం ఎలాగూ హెచ్చుతుంది కనుక ఆ లోటు కొంతవరకు దానంతటదే పూడుతుంది. ఇప్పుడు 18 బదులు 17.817తో భాగిస్తారు, సాగుడు సంగతి శాడిల్‌కు అప్పగిస్తారు.

సెంటు అంటే ఒక సెమీటోన్‌లో (పక్కపక్క ఫ్రెట్ల స్వరాల మధ్య దూరం) నూరో వంతు. ఈ కొలతను 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ వాడుకలోకి తెచ్చాడు. గిటార్ సెటప్‌లో మాటలన్నీ ఈ సెంట్లలోనే నడుస్తాయి.

సెటప్ పద్ధతి చెప్పడానికి తేలిక. 12వ ఫ్రెట్ మీద వేలు తాకీ తాకనట్టు పెట్టి హార్మోనిక్ మీటాలి, తర్వాత అదే ఫ్రెట్‌ను మామూలుగా నొక్కి మీటాలి, రెండూ పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్ వెనక్కి, తగ్గుగా ఉంటే నట్ వైపు ముందుకు. ఎంత జరపాలన్నది కూడా లెక్కకు అందుతుంది: 648 మిల్లీమీటర్ల స్కేల్ మీద ఒక సెంటుకు సుమారు 0.37 మిల్లీమీటర్లు. ఎలక్ట్రిక్ గిటార్ ఆరో తీగ 12వ ఫ్రెట్ దగ్గర 8 సెంట్లు హెచ్చు చూపిస్తే శాడిల్ దాదాపు 3 మిల్లీమీటర్లు వెనక్కి పోవాలి. ముందు తీగ వదులు చేయాలి, స్క్రూ తిప్పాలి, మళ్లీ ఓపెన్ స్వరానికి బిగించాలి, మళ్లీ చూడాలి. స్క్రూ తిప్పిన ప్రతిసారీ ఓపెన్ శ్రుతి మారిపోతుందని మర్చిపోయి నేరుగా 12వ ఫ్రెట్ చూసేవాళ్లు ఎంతసేపు తిప్పినా పని తెమలదు.

ట్యూనర్ కొలిచేది ఏమిటి

1936లో అమెరికాలో కాన్ కంపెనీ స్ట్రోబోకాన్ అనే పరికరం తెచ్చింది. తిరిగే చక్రం మీది గీతలపై లైటు మిణుకుమంటూ పడుతుంది, స్వరం సరిపోతే గీతలు నిలిచినట్టు కనిపిస్తాయి, తేడా ఉంటే అటో ఇటో పాకుతాయి. పెద్ద పెట్టెంత ఉండే ఆ వస్తువు నుంచి 1975లో కోర్గ్ తెచ్చిన డబ్ల్యూటీ-10 అనే చేతిలో పట్టే సూది ట్యూనర్‌కు, అక్కడి నుంచి హెడ్‌స్టాక్‌కు (కీలు ఉండే తల భాగం) తగిలించే క్లిప్పుకు, చివరికి ఫోన్ యాప్‌కు దారి పడింది. క్లిప్ ట్యూనర్ గాల్లో శబ్దాన్ని పట్టించుకోదు, చెక్క అదురును పిజో ముక్కతో పడుతుంది. అందుకే పక్కన డోలు మోగుతున్నా పని చేస్తుంది. యాప్ మైక్ మీద ఆధారపడుతుంది కాబట్టి ఫ్యాన్ హోరు, రోడ్డు మీద ఆటో హారన్ అన్నీ దానికి అడ్డమే.

మామూలు క్లిప్ ట్యూనర్లు, పెడల్ ట్యూనర్లు సుమారు ఒక సెంటు అటూ ఇటూగా చూపిస్తాయి. మంచి స్ట్రోబ్ ట్యూనర్లు సెంటులో పదో వంతు దాకా పోతాయి. పచ్చ లైటు వెలిగిందంటే సరిగ్గా సున్నా అని అనుకోకూడదు, చాలా యాప్‌లలో ఆ లైటు కొన్ని సెంట్ల మేర వెలుగుతూనే ఉంటుంది. ఓపెన్ తీగ పచ్చలో ఒక అంచున, 12వ ఫ్రెట్ ఇంకో అంచున ఉంటే రెండూ "సరే" అనిపించుకుంటాయి, మధ్యలో ఉన్న తేడా దాగిపోతుంది. ఇంటోనేషన్ చూసేటప్పుడు లైటు కాదు, అంకె చూడాలి.

ఇంటోనేషన్ పనిలో ట్యూనర్‌కు ఒక వెసులుబాటు ఉంది, చాలామంది గమనించనిది. ఇక్కడ కావాల్సింది ఒకే తీగ మీద రెండు స్వరాల మధ్య తేడా మాత్రమే. ట్యూనర్ తన ఆధార 'ఏ' స్వరం విషయంలో 440 బదులు 442 హెర్ట్జ్‌కు (సెకనుకు అన్ని కంపనాలు) సెట్ అయి ఉన్నా, ఖరీదు తక్కువదై మొత్తంగా రెండు సెంట్లు తప్పు చూపిస్తున్నా, రెండు స్వరాలకూ అదే తప్పు చేస్తుంది కాబట్టి తేడా మాత్రం సరిగ్గానే వస్తుంది. ట్యూనర్ నిలకడగా ఉంటే చాలు.

ఆ నిలకడను చెడగొట్టేది తీగ తీరే. మీటిన మొదటి క్షణం తీగ విస్తారంగా ఊగుతుంది, ఆ ఊపుకు బిగుతు పెరిగి స్వరం హెచ్చుగా మొదలై క్రమంగా దిగుతుంది. ఆరో తీగను గట్టిగా మీటి ట్యూనర్ చూస్తే సూది ముందు కుడికి ఎగిరి, తర్వాత మెల్లగా మధ్యకు జారుతుంది. ఏ క్షణం అంకె తీసుకోవాలి? హార్మోనిక్‌కు మొదటి క్షణం, నొక్కిన స్వరానికి చివరి క్షణం తీసుకుంటే శాడిల్ తప్పు చోటికి పోతుంది. రెండింటినీ ఒకే బలంతో, మృదువుగా మీటి, అర సెకను ఆగి చూడటం ఒక్కటే మార్గం. ఎలక్ట్రిక్‌లో పికప్ (తీగ అదురును పట్టే అయస్కాంత భాగం) తీగకు మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి రీడింగ్‌నే తారుమారు చేస్తుంది కనుక ముందు దాన్ని కాస్త కిందికి దించాలి. గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టి కాకుండా వాయించేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుని చూడాలి, నెక్ బరువు కూడా అంకెల్లో కనిపిస్తుంది.

చెవి రెండు విధాలుగా వింటుంది

చెవితో ఇంటోనేషన్ పెట్టడం గురించి జరిగే వాదనల్లో ఎక్కువ భాగం ఒక్క తేడా పట్టించుకోకపోవడం వల్లే సాగుతున్నాయి. స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి విన్నప్పుడు చెవి పని తీరు వేరు, ఒకేసారి విన్నప్పుడు వేరు.

హార్మోనిక్ విని, తర్వాత నొక్కిన స్వరం విని పోల్చడం మొదటి రకం. ఇందులో జ్ఞాపకమే కొలబద్ద. సాధన ఉన్న చెవికైనా ఇలా విన్నప్పుడు నాలుగైదు సెంట్ల తేడాను ధీమాగా చెప్పడం కష్టం, పైగా హార్మోనిక్ నాదం గాజులా తేటగా, నొక్కిన స్వరం నిండుగా ఉంటుంది, ఆ గుణంలో తేడానే కొన్నిసార్లు శ్రుతి తేడాగా అనిపిస్తుంది. నాలుగు సెంట్లంటే శాడిల్ మీద ఒకటిన్నర మిల్లీమీటర్. దాన్ని జ్ఞాపకానికి వదిలేయడం దేనికి? ఈ పనికి ట్యూనర్ వాడటమే సబబు.

రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు సంగతి పూర్తిగా మారిపోతుంది. అప్పుడు వాటి హెర్ట్జ్ తేడా ఎంతో, సెకనుకు అన్ని బీట్లు, అంటే వావ్ వావ్ అంటూ పెరిగి తరిగే అలలు వినిపిస్తాయి. చర్చిలో కీబోర్డు ఎలాగూ ఉంటుంది. దాన్ని ఆర్గాన్ టోన్‌లో పెట్టి 220 హెర్ట్జ్ 'ఏ' స్వరాన్ని ఆపకుండా మోగించండి. గిటార్ ఐదో తీగ 12వ ఫ్రెట్ హార్మోనిక్ దానితో అల లేకుండా కలిసేదాకా కీ తిప్పండి. ఇప్పుడు అదే ఫ్రెట్‌ను నొక్కి మీటితే, స్వరం 4 సెంట్లు హెచ్చుగా ఉంటే తేడా సుమారు అర హెర్ట్జ్, రెండు సెకన్లకు ఒక అల. మెల్లగా ఉబ్బి తగ్గే ఆ ఊగును సంగీతం రానివాళ్లు కూడా గుర్తుపడతారు. ఒకటో తీగ మీద 12వ ఫ్రెట్ స్వరం 659 హెర్ట్జ్ కాబట్టి అదే 4 సెంట్లకు సెకనుకు ఒకటిన్నర అలలు, ఇంకా తేలిక. ఆరో తీగ దగ్గర 165 హెర్ట్జే, అల రావడానికి రెండున్నర సెకన్లకు పైగా పడుతుంది, ఈలోగా నాదం సన్నగిల్లిపోవచ్చు. ఈ పద్ధతిలో సన్న తీగలకు చెవి ట్యూనర్‌తో సమానం, మందం తీగలకు కాస్త వెనుక. ఎలక్ట్రానిక్ తంబురాతో కూడా చేయవచ్చు గానీ దాని నాదంలోనే జీవ (తంబురా తీగ కింది దారం ఇచ్చే ఝంకారం), సొంత కదలిక ఉంటాయి, ఏ అల దేనిదో తేల్చడం కష్టమవుతుంది. ఆర్గాన్ నయం.

తంబురాకు అలవాటైన చెవి గిటార్‌ను ఎందుకు ఒప్పుకోదు

ఇది అసలు చిక్కుముడి, సెటప్ ఎంత బాగా చేసినా విడిపోనిది.

గిటార్ ఫ్రెట్లు ఆక్టేవ్‌ను పన్నెండు సమాన భాగాలు చేస్తాయి. ఈ సమాన విభజనలో షడ్జమం (స) నుంచి అంతర గాంధారం (గ) 400 సెంట్లు. తంబురా నాదంలో దానంతటదే పుట్టే స్వయంభూ గాంధారం 5:4 నిష్పత్తిది, 386 సెంట్లు. తేడా 14 సెంట్లు, చెవికి స్పష్టంగా తెలిసేంత. పంచమం దగ్గర గొడవ లేదు, సహజమైనది 702, గిటార్‌ది 700. కాబట్టి కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు గిటార్ మేజర్ కార్డ్‌లో గాంధారం ఎప్పుడూ కొంచెం పైకి లాగినట్టే వినిపిస్తుంది. వాళ్లు "గిటార్ శ్రుతిలో లేదు" అంటే అది నిజమే, కానీ శాడిల్ తిప్పితే పోయే తప్పు కాదు అది.

ఈ వాదన మన దగ్గర కొత్తది కాదు. హార్మోనియం మీద ఆకాశవాణి 1940లో నిషేధం పెట్టి 1971 దాకా సడలించకపోవడానికి చెప్పిన కారణాల్లో ఒకటి ఇదే: స్థిరమైన మెట్లు, సమాన విభజన మన శ్రుతులకు సరిపడవని. సీమ పల్లెల్లో భజనలు, పద్యనాటకాలు మాత్రం హార్మోనియంతోనే సాగాయి. పాడేవాళ్లు పెట్టె స్వరాన్ని ఆధారంగా తీసుకుని, రాగానికి కావాల్సిన గాంధారాన్ని గొంతులో దించుకున్నారు. గిటార్ పక్కన పాడేవాళ్లు చేయాల్సింది కూడా అదే, చాలామంది తెలియకుండానే అది చేస్తున్నారు కూడా.

వీణతో పోలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. వీణలో 24 మెట్లను మైనం మీద ఒక్కొక్కటే జరుపుతూ చెవితోనే కూర్చుతారు, మేళం కట్టడం అంటారు. కొన్నేళ్లకు మైనం కుంగి మెట్లు కదిలితే మళ్లీ కట్టించుకుంటారు. అక్కడ ప్రతి మెట్టూ విడిగా కదులుతుంది కాబట్టి చెవి తీర్పుకు అమలయ్యే దారి ఉంది. గిటార్‌లో ఫ్రెట్లు చెక్కలోకి దిగ్గొట్టి ఉంటాయి. కదిపే వీలున్నది రెండు చివరలే, నట్, శాడిల్. మూడో ఫ్రెట్ ఒక్కటే చెవికి నచ్చలేదంటే దానికి విడిగా చేయగలిగింది లేదు.

ఈ సంగతి తెలియక చెవితో "తీయగా" చేయబోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. ఇ మేజర్ కార్డ్‌లో మూడో తీగ ఒకటో ఫ్రెట్ స్వరం గాంధారం. అది హెచ్చుగా అనిపించి మూడో తీగను 14 సెంట్లు దించితే ఇ మేజర్ తంబురాలా నిలుస్తుంది. వెంటనే సి మేజర్ వేయండి. అందులో అదే మూడో తీగ ఓపెన్‌గా పంచమం, ఇప్పుడు అది 702 బదులు 686 దగ్గర ఉంది. మొదటి కార్డ్ ఎంత తీయగా ఉందో రెండోది అంత చేదు. చెవి తప్పు చేయలేదు, ఒక కార్డ్‌కు సరైన తీర్పే ఇచ్చింది, గిటార్ మీద ఒక తీర్పు అన్ని కార్డులకూ చెల్లదు.

ఒక తీగ 5వ ఫ్రెట్ హార్మోనిక్‌ను పక్క తీగ 7వ ఫ్రెట్ హార్మోనిక్‌తో కలుపుతూ శ్రుతి చేసే పద్ధతిలోనూ ఇదే ఇబ్బంది చిన్న మోతాదులో ఉంది. అవి సహజ పంచమాలు కాబట్టి తీగకు 2 సెంట్ల చొప్పున తేడా పోగవుతుంది. ఆరో తీగ నుంచి మొదలుపెట్టి మూడో తీగకు వచ్చేసరికి 6 సెంట్లు తగ్గు. రెండో తీగను ఆరో తీగ 7వ ఫ్రెట్ హార్మోనిక్‌తో కలిపితే అది 2 సెంట్లు హెచ్చు. ఈ రెండింటి మధ్య దూరం 400 బదులు 408. బీట్లు లేకుండా జాగ్రత్తగా చేసినవాళ్లకు కూడా ఇదే ఫలితం వస్తుంది, ఎంత జాగ్రత్తగా చేస్తే అంత కచ్చితంగా వస్తుంది.

చెవీ ట్యూనరూ కలిసి పని చేయగలవనడానికి అమెరికన్ గాయకుడు జేమ్స్ టేలర్ ఉదాహరణ. ఆయన తన ట్యూనింగ్‌ను వీడియోలో స్వయంగా వివరించాడు: ఆరో తీగ నుంచి ఒకటో తీగ వరకు 12, 10, 8, 4, 6, 3 సెంట్లు తగ్గించి పెడతాడు. క్యాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే క్లిప్పు) వేసినప్పుడు, మీటినప్పుడు తీగలు హెచ్చడాన్ని దృష్టిలో పెట్టుకుని చెవికి కుదిరిన అంకెలవి. ప్రతిసారీ వాటిని తిరిగి తెచ్చి ఇచ్చేది ట్యూనర్. ఆ అంకెలు ఆయన చేతికి, ఆయన గిటార్‌కు సరిపోయినవి, యథాతథంగా ఎత్తిపెట్టుకుంటే అందరికీ సరిపోవు.

శాడిల్ ముట్టుకునే ముందు

12వ ఫ్రెట్ దగ్గర తేడా లేదు, కానీ ఎఫ్ కార్డ్ పుల్లగా ఉంది. ఇది మన దగ్గర అమ్ముడయ్యే చవక గిటార్లలో మామూలుగా కనిపించే లక్షణం, దీనికి కారణం నట్. నట్ గాడులు లోతుగా కోయకుండా వదిలేస్తే తీగ ఒకటో ఫ్రెట్ మీద ఎత్తుగా నిలుస్తుంది, నొక్కడానికి బాగా సాగాలి, స్వరం హెచ్చుతుంది. పైకి పోయేకొద్దీ ఈ ప్రభావం తగ్గిపోతుంది కాబట్టి 12వ ఫ్రెట్ పరీక్షలో బయటపడదు. తేల్చడం సులువు: రెండో ఫ్రెట్‌కు, మూడో ఫ్రెట్‌కు మధ్య తీగను నొక్కి, ఒకటో ఫ్రెట్ మీద తీగకు కింద ఎంత సందు ఉందో చూడండి. కనీకనపడనంత ఉండాలి. కాగితాలు మడిచి దూర్చేంత ఉంటే గాడి దించాలి. ఇది సన్నటి ఆకురాయితో మెల్లగా చేయాల్సిన పని, ఎక్కువ దిగితే ఓపెన్ తీగ జరజరమంటుంది, నట్ మార్చక తప్పదు.

వేలి ఒత్తిడి ఇంకో సంగతి. మూడో తీగ రెండో ఫ్రెట్ నొక్కి ట్యూనర్ చూస్తూ వేలి బలం పెంచితే అంకె కళ్ల ముందే పెరుగుతుంది. ఫ్రెట్లు ఎత్తుగా ఉన్న గిటార్లలో మరీ ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్లు భయంతో గట్టిగా నొక్కుతారు, అదే గిటార్ గురువు చేతిలో శ్రుతిలో మోగుతుంది. ఇంటోనేషన్ సెట్ చేసేటప్పుడు దాన్ని వాయించబోయే మనిషే నొక్కడం మంచిదనేది ఇందుకే.

తీగలు పాతబడితే చెమట, తుప్పు వల్ల వాటి బరువు పొడవునా సమంగా ఉండదు. అలాంటి తీగ మీద ట్యూనర్ ఒక్కో ఫ్రెట్ దగ్గర ఒక్కో తీరుగా చూపిస్తుంది, చెవికీ ఏదీ ఒకటిగా వినిపించదు. కొన్ని వందల రూపాయల తీగల సెట్ వేస్తేనే చాలాసార్లు సమస్య పోతుంది. వరస ఇది: కొత్త తీగలు, వాటిని సాగదీసి నిలకడ తేవడం, నెక్ వంపు, తీగల ఎత్తు, నట్, ఆ తర్వాతే శాడిల్. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఒకటో తీగకు 2 మిల్లీమీటర్లు, ఆరో తీగకు రెండున్నర ఉంటే అకౌస్టిక్‌కు హాయిగా ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచి ఇంటోనేషన్ సరిచేయడం వృథా శ్రమ.

సీమ ఎండ, కూలర్ గాలి

గిటార్ చెక్కకు 45 నుంచి 55 శాతం గాలి తేమ అనుకూలం. కర్నూలులో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన ఎండలో అంత తేమ ఉండదు. అనంతపురమైతే రాష్ట్రంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతం. చెక్క ఎండితే కుంచించుకుపోతుంది, పైపలక కుంగుతుంది, తీగల ఎత్తు తగ్గి జరజర మొదలవుతుంది. తేమ ఎక్కితే ఉబ్బుతుంది, ఎత్తు పెరుగుతుంది, నొక్కితే స్వరం హెచ్చుతుంది. అంటే మే నెలలో పెట్టిన ఇంటోనేషన్ అక్టోబర్ వానల్లో అలాగే ఉంటుందన్న హామీ లేదు.

దీనికి తోడు ఎయిర్ కూలర్. పగలంతా ఎండిన గదిలో రాత్రి కూలర్ వేస్తే తడి గాలి నేరుగా గోడకు వేలాడే గిటార్ మీద పడుతుంది, రోజూ ఎండడం ఉబ్బడం జరుగుతుంది. కూలర్‌కు ఎదురుగా పెట్టకుండా, పెట్టెలో మూసి ఉంచడం చాలా మేలు చేస్తుంది. చవక గిటార్ల పైపలక ప్లైవుడ్ కావడం ఇక్కడ కలిసొచ్చే అంశం, ఒకే పలక చెక్కతో చేసిన ఖరీదైన గిటార్ల కంటే అది తక్కువ కదులుతుంది. ఆరుబయట స్టేజీ మీద ఫోకస్ లైట్ల కింద ఉక్కు తీగలు వేడెక్కి వదులవుతాయి, శ్రుతి దిగుతుంది. అది ట్యూనింగ్ మాత్రమే, ఇంటోనేషన్ కాదు. దానికి కీ తిప్పితే చాలు.

అకౌస్టిక్‌కు ఉన్న హద్దు

ఇప్పటిదాకా చెప్పిన స్క్రూ పని ఎలక్ట్రిక్‌కు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో ఆరు తీగలకు ఆరు శాడిళ్లు, ప్రతిదీ విడిగా జరుగుతుంది. అంతకుముందు వచ్చిన టెలికాస్టర్ పాత రకంలో మూడే శాడిళ్లు, రెండేసి తీగలకు ఒకటి, కాబట్టి ఏ జతలోనైనా రాజీ తప్పదు. అకౌస్టిక్‌లో ఆరింటికీ కలిపి ఒకటే ఎముక లేదా ప్లాస్టిక్ ముక్క, మందం సుమారు 3 మిల్లీమీటర్లు.

ఆ ముక్క పైఅంచు మధ్యలో ఉంటే, ఆకురాయితో దాన్ని వెనక అంచుకు జరిపితే వచ్చే దూరం ఒక మిల్లీమీటర్ పైచిలుకు, అంటే మూడు నాలుగు సెంట్లు. ట్యూనర్ 3 సెంట్లు హెచ్చు చూపిస్తే ఈ పని ఇంట్లోనే అవుతుంది. రెండో తీగ దగ్గర మాత్రం అంచు వెనక్కి జరిపిన రెడీమేడ్ శాడిళ్లు కూడా దొరుకుతాయి, వెడల్పు, ఎత్తు కొలిచి తెప్పించుకోవాలి. తీగల ఎత్తు సరిచేసి, కొత్త తీగలు వేసిన తర్వాత కూడా 12వ ఫ్రెట్ దగ్గర 10 సెంట్లు హెచ్చు ఉంటే లోపం శాడిల్‌ది కాదు, బ్రిడ్జ్ అతికించిన చోటుది. గాడి పూడ్చి కొత్త చోట కోయాలి, నాలుగు వేల గిటార్‌కు ఆ ఖర్చు గిట్టదు. కొనేటప్పుడే క్లిప్ ట్యూనర్ తగిలించి ఆరు తీగలకూ 12వ ఫ్రెట్ హార్మోనిక్, నొక్కిన స్వరం చూసుకుంటే ఇలాంటిది ముందే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రిటర్న్ గడువు దాటకముందే పెట్టె విప్పిన రోజే ఈ పరీక్ష చేయాలి.